ఇది మందా, ‘మందు’నా? ఆసవాలు, అరిష్టాల్లో ఆల్కహాల్ ఎంత, ప్రమాదం ఎక్కడ?

కటవారియా సరాయ్, న్యూఢిల్లీ: ఐఐటీకి, జేఎన్‌యూకి మధ్య ఇరుకు సందుల్లో ఉండే ఈ బస్తీలో పోటీ పరీక్షలకు చదువుకునే తెలుగు పిల్లలు చాలామందే ఉంటారు. మా పక్క గదిలో ఉండే అమ్మాయికి ఆ మధ్య ఇంటి నుంచి పార్శిల్ వచ్చింది. ఆవకాయ, కందిపొడి, వాటి మధ్య పాత చీర ముక్కలో చుట్టిన అశోకారిష్టం సీసా. నెలసరి నొప్పులకని అమ్మ పంపింది. లేబుల్ చదివిన ఆ అమ్మాయి సీసా పట్టుకుని నా గదికి వచ్చింది. ‘‘అక్కా, దీంట్లో ఆల్కహాల్ ఉందట. ఇది మందా, ‘మందు’నా?’’

నవ్వుకున్నాం గానీ, అది తేలికైన ప్రశ్నేమీ కాదు. చట్టసభలు, కోర్టులు, ఎక్సైజ్ శాఖలు దశాబ్దాలుగా ఇదే ప్రశ్నతో తలపడుతున్నాయి. దీనికి సరైన జవాబు లేని చోట మనుషులు చనిపోయారు కూడా. వాటిలో అతిపెద్ద ఘటనల్లో ఒకటి జరిగింది ఈ ఢిల్లీలోనే.

1991 నవంబరులో ఏం జరిగింది?

ఆ నెల మొదటి వారంలో ఢిల్లీ ఆసుపత్రులకు చూపు మసకబారినవారు, ఊపిరి అందనివారు, స్పృహ కోల్పోయినవారు వరుసగా రావడం మొదలైంది. కొద్ది రోజుల్లోనే సుమారు 200 మంది చనిపోయారు. ఎక్కువమంది పేదలు. వాళ్లు తాగింది నాటుసారా కాదు. ‘కర్పూరాసవం’ పేరుతో, ఆయుర్వేద ఔషధంగా అమ్ముడైన సరుకు. పొరుగునే ఉన్న ఉత్తరప్రదేశ్‌లో తయారైంది. అందులో మిథైల్ ఆల్కహాల్, అంటే మిథనాల్ కలిసింది.

కర్పూరాసవం అనే పేరు ఎవరో దొంగ వ్యాపారి కల్పించింది కాదు. ‘భైషజ్యరత్నావళి’లో ఉన్న యోగమే. వాంతులు, విరేచనాలకు చెప్పిన మందు. అయితే ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం లాంటి వాటికీ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. అరిష్టాన్ని కషాయంతో మొదలుపెట్టి పులియబెడతారు, ఆల్కహాల్ ఆ కుండలోనే పుడుతుంది. కర్పూరాసవం అలా కాదు. తయారై ఉన్న మద్యాన్ని తీసుకుని అందులో కర్పూరం, ఏలకులు, తుంగముస్తలు, అల్లం, వాము, మిరియాలు వేసి నెల రోజులు నిలవ ఉంచాలన్నది శాస్త్రం. అంటే బయటి నుంచి మద్యం తెచ్చి పోయడం ఆ యోగంలోనే భాగం. ఆ మద్యం ఎక్కడి నుంచి వచ్చిందో, ఏమిటో చూసేవాడు లేకపోతే డ్రమ్ముల్లో వచ్చిన పారిశ్రామిక స్పిరిట్ కూడా ‘ఆసవం’ అయిపోతుంది. అహిఫేనాసవానిదీ ఇదే పద్ధతి: ఇప్పసారాలో నల్లమందు.

ఇది దృష్టిలో పెట్టుకోకుండా ‘ఆయుర్వేద మందు తాగి చనిపోయారు’ అన్నా తప్పే, ‘ఆయుర్వేదానికి దీంతో సంబంధం లేదు’ అన్నా తప్పే.

కుండలో పుట్టే ఆల్కహాల్

ఆసవ, అరిష్టాల తయారీని సంధాన కల్పన అంటారు. ఇది చాలా పాతది. చరక సంహిత సూత్రస్థానం 84 రకాల ఆసవాలను లెక్కగట్టి చెబుతుంది. స్థూలంగా, మూలికలను నీళ్లలో మరిగించి కషాయంగా చేసి పులియబెడితే అరిష్టం. మరిగించకుండా చేస్తే ఆసవం. కొలతలు విడిగా చెప్పని యోగాలకు శార్ఙ్గధర సంహిత ఒక సాధారణ సూత్రం ఇచ్చింది: ఒక ద్రోణం ద్రవానికి ఒక తులం బెల్లం (ఆ లెక్కలో తులం అంటే నూరు పలాలు, మన బంగారం తులం కాదు), బెల్లంలో సగం తేనె, పదో వంతు పొడులు.

వీటికి ధాతకి పువ్వులు చేరుస్తారు. ఈ పువ్వులతో పాటు వచ్చే ఈస్ట్ బెల్లంలోని చక్కెరను తిని ఇథైల్ ఆల్కహాల్‌ను, కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. పాత వైద్యులు కుండకు చెవి ఆనించి బుసబుస శబ్దం ఆగిందా అని వినేవారు. మూత తీసి వెలుగుతున్న పుల్లను పెట్టి చూసేవారు. ఆరిపోతే లోపల వాయువు ఇంకా వస్తోందని, వెలుగుతూ ఉంటే పులియడం పూర్తయిందని అర్థం. ప్రయోగశాలలు లేని కాలంలో ఇంతకన్నా చక్కటి పరీక్ష ఏముంటుంది!

ఇలా పుట్టిన ఆల్కహాల్‌కు సహజంగానే ఒక హద్దు ఉంటుంది. ఒక స్థాయి దాటితే తాను తయారుచేసిన ఆల్కహాలే ఈస్ట్‌ను చంపేస్తుంది. అందుకే చాలా అరిష్టాల్లో అది 5 నుంచి 10 శాతం మధ్య ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం ప్రచురించే ఆయుర్వేద ఫార్మకోపియా కూడా దశమూలారిష్టం వంటి వాటికి ఇదే పరిధి పెట్టింది. సీసా మీద ‘సెల్ఫ్ జనరేటెడ్ ఆల్కహాల్’ అని కనిపించేది ఇదే. స్వయంజనితం అని ఉండి, అంకె మాత్రం ఇరవై దాటి ఉంటే ఆ ఆల్కహాల్ అంతా కుండలో పుట్టింది కాదని రసాయన శాస్త్రం తెలియనివారు కూడా చెప్పొచ్చు.

మరి పులియబెట్టేటప్పుడు మిథనాల్ పుట్టదా? పండ్లలోని పెక్టిన్ నుంచి అతి స్వల్పంగా పుట్టవచ్చు. ద్రాక్ష సారాయిలోనూ ఇది ఉంటుంది. ఆ కాస్తతో మనుషులు చనిపోరు. చంపేది పరిశ్రమల్లో రంగులకు, ద్రావణులకు వాడే మిథనాల్‌ను చవగ్గా దొరికిందని కలపడం. చూడటానికి ఇథైల్ ఆల్కహాల్ లాగే ఉంటుంది, వాసన కూడా దాదాపు అదే. ఫార్మకోపియాలో అరిష్టాలకు మిథనాల్ లేదని నిర్ధారించే పరీక్ష ఉంది. కిరాణా కొట్టు అల్మారాలో ఉన్న సీసాకు ఆ పరీక్ష ఎవరు చేస్తారన్నదే ప్రశ్న.

ఒక మోతాదులో ఎంత ఉంటుంది?

పెద్దలకు సాధారణంగా చెప్పే మోతాదు పూటకు 12 నుంచి 24 మిల్లీలీటర్లు. సమానంగా నీళ్లు కలిపి, భోజనం తర్వాత, రెండు పూటలా. పూటకు 20 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు 40 అనుకుందాం. అందులో 10 శాతం ఆల్కహాల్ ఉంటే 4 మిల్లీలీటర్లు, బరువులో సుమారు 3 గ్రాములు. మద్యం లెక్కల్లో ఒక ‘స్టాండర్డ్ డ్రింక్’ అంటే 10 గ్రాములు. అంటే రోజంతటికీ కలిపి ఒక డ్రింక్‌లో మూడో వంతు కూడా లేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఇది మత్తు ఎక్కించేది కాదు.

ఇప్పుడు సీసా మొత్తం లెక్క చూడండి. 450 మిల్లీలీటర్ల సీసాలో 10 శాతం అంటే 45 మిల్లీలీటర్ల ఆల్కహాల్, సుమారు 35 గ్రాములు. 5 శాతం ఉండే 650 మిల్లీలీటర్ల పెద్ద బీరు సీసాలో ఉండేది సుమారు 26 గ్రాములే. చెంచాలతో కొలిచి తాగితే మందు, సీసా ఎత్తి తాగితే మరో ‘మందు’. రెంటికీ లేబుల్ మాత్రం ఒకటే.

బండి నడిపేవారు అడిగే సందేహం ఒకటుంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషి ఒక పూట మోతాదు తాగితే రక్తంలో చేరేది నాలుగైదు మిల్లీగ్రాములకు మించదు. కానీ తాగిన వెంటనే నోట్లో మిగిలిన తడి వల్ల బ్రీత్ ఎనలైజర్ ఎక్కువ చూపించే అవకాశం ఉంది. నోరు పుక్కిలించి, పావుగంట ఆగి బయల్దేరితే సరిపోతుంది.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

మూడు గ్రాములే కదా అని అందరికీ చెప్పడానికి వీల్లేదు. మన ఇళ్లలో ఈ సీసాలు ఎవరి కోసం కొంటారో గుర్తు చేసుకోండి: బాలింతకు దశమూలారిష్టం, పసిపిల్లలకు అరవిందాసవం, రక్తం తక్కువైన అమ్మాయికి లోహాసవం, పెద్దాయనకు మలబద్ధకం పోవాలని అభయారిష్టం. ఆల్కహాల్‌కు దూరంగా ఉండమని ఆధునిక వైద్యం గట్టిగా చెప్పే జాబితా, ఈ జాబితా చాలావరకు ఒకటే.

గర్భంతో ఉన్నప్పుడు ఇంత వరకైతే ఫర్వాలేదు అనే సురక్షిత పరిమితి ఆల్కహాల్‌కు లేదు. కాబట్టి నెలలు నిండే వరకు అరిష్టాలు మానడమే మేలు. ఆయుర్వేదంలోనే వాటికి బదులు కషాయాలు, చూర్ణాలు ఉన్నాయి. దశమూలాలనే కషాయంగా ఇవ్వొచ్చు. బాలింతల విషయంలో తల్లి రక్తంలో ఎంత ఆల్కహాల్ ఉంటే పాలలోనూ ఇంచుమించు అంతే ఉంటుంది, రక్తంలో తగ్గితే పాలలోనూ తగ్గుతుంది. తీసుకోక తప్పదంటే బిడ్డకు పాలిచ్చిన తర్వాత తీసుకుని, తర్వాతి పాలకు రెండు గంటలైనా వ్యవధి ఉంచడం నయం. పసిపిల్లలకు వైద్యుడు చూసి చెప్పకుండా ‘మా అమ్మమ్మ వేసేది’ అని చుక్కలు వేయడం మాత్రం నాకు ఏ కోణంలోనూ సమంజసంగా కనిపించదు.

కాలేయ జబ్బు ఉన్నవారికి, మూర్ఛకు మందులు వాడేవారికి, నిద్రమాత్రలు వేసుకునేవారికి ఇవి పడవు. మధుమేహం ఉన్నవారికి ఆల్కహాల్ కంటే ముందు బెల్లం సమస్య. పులిసిన తర్వాత కూడా అరిష్టంలో చాలా చక్కెర మిగిలే ఉంటుంది.

అన్నిటికన్నా మనం మరిచిపోయేది తాగుడు మానుతున్న మనిషిని. మద్యం మానడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర వేసుకునేవారికి కాస్తంత ఆల్కహాల్ లోపలికి వెళ్లినా ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు వస్తాయి. ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లోవాళ్లు ఆకలి పుట్టాలని ద్రాక్షారిష్టం పోసి ఇస్తే తాగించింది వాళ్లే అవుతారు. మాత్ర వాడకపోయినా, ఏళ్లపాటు పోరాడి మానిన మనిషి నాలుకకు ఆ రుచి మళ్లీ తగిలించడం మంచిది కాదు. మత విశ్వాసం వల్ల ఆల్కహాల్ ముట్టనివారికి కూడా సీసాలో ఏముందో ముందే చెప్పడం కనీస మర్యాద.

చట్టం ఏమంటోంది?

మద్యం రాష్ట్రాల పరిధిలోనిది, ఔషధ చట్టం కేంద్రం చేసింది. ఆసవాలు ఈ రెంటి మధ్య సందులో ఉన్నాయి. 1951లోనే బొంబాయి మద్య నిషేధ చట్టంపై బల్సారా కేసులో సుప్రీంకోర్టు, ఆల్కహాల్ ఉన్న ఔషధాలను కూడా మద్యంతో కలిపి నిషేధించే భాగాలు చెల్లవని తీర్పు చెప్పింది. మందుల పేరుతో మద్యం అమ్ముకుంటుంటే రాష్ట్రాలు చూస్తూ ఊరుకోవాలా అన్న ప్రశ్న తర్వాత వచ్చింది. కేరళ అబ్కారీ చట్టంలోని నియంత్రణలను 1981లో సదరన్ ఫార్మాస్యూటికల్స్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది.

1955 నాటి ఔషధ, సౌందర్య సామగ్రి ఎక్సైజ్ సుంకాల చట్టం ఒక ఆసక్తికరమైన గీత గీసింది. స్వయంజనిత ఆల్కహాల్ ఉన్న ఆయుర్వేద మందులను ‘మామూలు మద్యంలా తాగడానికి వీలైనవి’, ‘వీలుకానివి’ అని రెండుగా విడదీసి సుంకం వేరుగా పెట్టింది. అంటే మా పక్క గది అమ్మాయి అడిగిన ప్రశ్నే. 2017లో జీఎస్టీ రావడంతో ఆ చట్టం రద్దయింది.

ఇక భద్రత సంగతి. ఆయుర్వేద మందులకు ప్రత్యేక అధ్యాయం 1964లో ఔషధ చట్టంలో చేరింది. చట్టం మొదటి షెడ్యూలులో ప్రామాణిక గ్రంథాల జాబితా ఉంది. చరక, సుశ్రుత, శార్ఙ్గధర సంహితలతో పాటు మన ‘బసవరాజీయం’ కూడా అందులో ఉంది. ఈ గ్రంథాల్లో చెప్పిన యోగాన్ని చెప్పినట్టే చేసి, చెప్పిన జబ్బుకే అమ్మితే లైసెన్సు కోసం కొత్తగా భద్రతా అధ్యయనాలు చూపించనక్కర్లేదు. వందల ఏళ్ల వాడకమే సాక్ష్యం అన్నది ఇందులోని వాదన. ఆ వాదనలో కొంత బలం ఉంది. కానీ ఆ వందల ఏళ్లలో వైద్యుడే కాచి, వైద్యుడే ఇచ్చాడు. ఫ్యాక్టరీలో చేసి, ఊరూరా కొట్లలో పెట్టి అమ్మడం ఆ అనుభవంలో లేదు.

తయారీకి లైసెన్సు కావాలి. చిల్లరగా అమ్మడానికి మాత్రం అల్లోపతి మందుల షాపుకు ఉన్నట్టు లైసెన్సు అవసరం లేదు. అందుకే ఈ సీసాలు కిరాణా కొట్టులో, పాన్ డబ్బాలో కూడా దొరుకుతాయి. దీన్ని హోమియోపతితో పోల్చి చూడండి. 12 శాతం కన్నా ఎక్కువ ఆల్కహాల్ ఉన్న హోమియో మందును చిల్లరగా 30 మిల్లీలీటర్లకు మించిన సీసాలో అమ్మకూడదని 106బి నిబంధన ఉంది. తాగుడుకు వాడకుండా సీసానే చిన్నది చేశారు. అయినా అది పూర్తిగా ఆపలేకపోయింది. 2021 మేలో కోవిడ్ లాక్‌డౌన్ సమయంలో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో 91 శాతం ఆల్కహాల్ ఉన్న ‘డ్రోసెరా 30’ హోమియో మందును మద్యానికి బదులు తాగి పలువురు చనిపోయారు.

వైన్స్ మూతపడినప్పుడు

ఈ ఘటనలను పక్కపక్కన పెడితే ఒక పోలిక కనిపిస్తుంది. మద్యం దొరకనప్పుడో, కొనలేనంత ఖరీదైనప్పుడో చేతికందిన ఆల్కహాల్ వైపు మనిషి చెయ్యి వెళుతుంది. 2020 జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో కరోనా ఆంక్షలతో మద్యం దుకాణాలు మూతపడి ఉన్నాయి. అప్పుడు శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. అది మూలికల మందు కాదు, కానీ దారి అదే. మద్య నిషేధం ఉన్న గుజరాత్‌లో 2023 నవంబరులో ఖేడా జిల్లాలో జరిగింది మన విషయానికి మరింత దగ్గరిది. నడియాద్ దగ్గర బిలోదరా గ్రామంలో ఒక కిరాణా దుకాణంలో ‘మేఘాసవ’ పేరుతో అమ్మిన సిరప్ తాగి కనీసం ఐదుగురు చనిపోయారు. అందులో మిథనాల్ ఉన్నట్టు పోలీసులు ప్రకటించారు.

ఢిల్లీ విషాదం తర్వాత 32 ఏళ్లకు, మళ్లీ ‘ఆసవం’ అనే పేరే, మళ్లీ మిథనాలే. 1991 నుంచి నేర్చుకోవాల్సింది ఆసవాలను నిషేధించడం కాదని నా అభిప్రాయం. కుండలో పులిసినది, డ్రమ్ములోంచి పోసినది ఒకే పేరుతో, ఒకే రకం సీసాలో, ఏ లైసెన్సూ అక్కర్లేని కొట్టులో పక్కపక్కన ఉండకూడదు. హోమియోకు పెట్టిన సీసా పరిమాణపు నిబంధన లాంటిది ఆసవాలకు పెట్టడం, అమ్మకాన్ని కనీసం నమోదైన దుకాణాలకు పరిమితం చేయడం కష్టమైన పనులేమీ కావు. నిజాయితీగా పులియబెట్టి చేసే ఫార్మసీలకు దీనివల్ల మేలే తప్ప నష్టం లేదు.

సీసా కొనేటప్పుడు, తాగాక తేడా చేస్తే

తయారీ లైసెన్సు నంబరు, పూర్తి చిరునామా, బ్యాచ్ నంబరు, ఆల్కహాల్ శాతం, గడువు తేదీ ఉన్నాయో లేదో చూడాలి. ‘అరిష్టం ఎంత పాతదైతే అంత మంచిది’ అన్న మాట వినే ఉంటారు. ఇప్పుడు నిబంధనల ప్రకారం ఆసవ, అరిష్టాలకు గడువు 10 ఏళ్లు. యూట్యూబ్ చూసి ఇంట్లో చేసుకునేవారు ఇత్తడి, రాగి పాత్రలు వాడకూడదు. అరిష్టం పుల్లగా ఉంటుంది కాబట్టి లోహాన్ని కరిగిస్తుంది. పాతకాలంలో నెయ్యి పూసిన మట్టికుండ వాడింది ఊరికే కాదు. మూత గట్టిగా బిగిస్తే వాయువు నిండి జాడీ పేలే ప్రమాదం కూడా ఉంది.

మిథనాల్ చేసే హాని వెంటనే తెలియదు. శరీరం దాన్ని మొదట ఫార్మాల్డిహైడ్‌గా, తర్వాత ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. దెబ్బతీసేది ఆ ఆమ్లమే, ముఖ్యంగా కంటి నరాన్ని. దీనికి 12 నుంచి 24 గంటలు పట్టవచ్చు. అందుకే ముందు రోజు తాగిన సిరప్‌ను మరుసటి రోజు వాంతులకు, తలనొప్పికి ఎవరూ ముడిపెట్టరు. కళ్ల ముందు మంచు కురుస్తున్నట్టు కనిపించడం, కడుపులో నొప్పి, వేగంగా ఊపిరి పీల్చడం దీని గుర్తులు. పది మిల్లీలీటర్లు కూడా చూపు పోగొట్టగలవు. ఆసుపత్రికి తొందరగా చేరితే విరుగుడు ఉంది. ఫోమెపిజోల్ గానీ, అది లేని చోట వైద్యుల పర్యవేక్షణలో కొలిచి ఇచ్చే ఇథనాల్ గానీ మిథనాల్ విషంగా మారకుండా ఆపుతాయి. డయాలసిస్‌తో దాన్ని బయటకు పంపుతారు. తాగిన సీసాను, అందులో మిగిలిన చుక్కలతో సహా, వెంట తీసుకెళ్లాలి. అదే సీసా నుంచి తాగిన మిగతావాళ్లకు బాగానే ఉన్నట్టు అనిపించినా వాళ్లనూ తీసుకెళ్లాలి.

ఇక పార్శిల్‌లో వచ్చిన అశోకారిష్టం సంగతి. సీసా మీద ఉండాల్సినవన్నీ ఉన్నాయి, ఆల్కహాల్ శాతం కూడా మామూలు పరిధిలోనే ఉంది. అయితే ఆ అమ్మాయి అప్పటికి నాలుగు రోజులుగా మెస్ భోజనం పడక మెట్రోనిడజోల్ మాత్రలు వేసుకుంటోంది. ఆ మాత్రలతో పాటు, ఆపేశాక మూడు రోజుల వరకు ఆల్కహాల్ వద్దని వాటి సూచనల కాగితంలోనే ఉంటుంది. ఆ కాగితం చూపించాక సీసాను మళ్లీ చీర ముక్కలో చుట్టి, ఆవకాయ జాడీ వెనక పెట్టింది.